డిస్పెన్సరీ తాళంచెవి

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక మా పీజీ హాస్టల్లో మెస్ మూతపడింది, క్యాంపస్ డిస్పెన్సరీకి తాళం పడింది. సరిగ్గా అప్పుడే మా రూమ్మేట్‌కి జ్వరమొచ్చింది. వాడిది భీమవరం. జ్వరానికి ప్రాంతాల పట్టింపు ఉన్నట్టు లేదు.

దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రికని వాణ్ణి ఎలాగో ఒక ఆటో ఎక్కించాను. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. నిరసనగా నడిరోడ్డు మీద వండుకు తినే వంటావార్పు జరుగుతోంది. గంటె తిప్పుతున్నది మా మెస్ వంటాయన. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్నది మా డిస్పెన్సరీ కాంపౌండర్.

"అన్నా, వీనికి జ్వరం. జర చూడవా?" అన్నాను.

ఆయన మణికట్టుతో వాడి నుదురు ముట్టుకున్నాడు. "బాగ కాలుతున్నది తమ్మీ. డాక్టర్‌కు చూపియ్యాలె."

"డిస్పెన్సరీ తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నది గదనే?"

"ఉన్నది. గని సమ్మె గద! రాష్ట్రం రానియ్యి, ఫస్టు గోలి నీ దోస్తుకే ఇస్త."

పొద్దున ఈ సమ్మెకు గొంతు చించుకుని జై కొట్టినవాణ్ణి, ఏమని పోట్లాడను?

"బాబాయ్, రోడ్డెప్పుడు తెరుస్తారండీ?" అని ఆటోలోంచి వాడు నీరసంగా అడిగాడు.

"పప్పు ఉడకాలె గద బిడ్డా," అన్నాడు వంటాయన. మెస్‌లో ఏనాడూ సరిగా ఉడకని పప్పది.

మెస్, డిస్పెన్సరీ విద్యార్థులకు చేరువలో ఉంటాయని అడ్మిషన్ పుస్తకంలో రాశారు. ఆ రోజు నిజంగానే చేతికందేంత దూరంలో ఉన్నాయి. వాడు నా భుజం మీద తల వాల్చి వణుకుతుంటే, పప్పు ఉడికేదాకా ఆటోలో కూర్చున్నాను.