పిండికట్టులో చీమలు

మా బావ దర్జీ. కొలతలు తీసేటప్పుడు మనిషిని నవ్వించి మళ్లీ తీసేవాడు. పొట్ట బిగబట్టి మోసం చేస్తారని ఆయన అనుమానం. ఒకసారి అద్దంలో తన నీడనే "ఎవడ్రా నువ్వు?" అని నిలదీశాడట. మా అక్క చెప్పింది, నేను నమ్మాను. మీరూ నమ్మాలి.

అలాంటివాడు కొట్టు బోర్డు తుడవబోయి, నిచ్చెన మీంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. సాయంత్రానికి గోల మొదలైంది.

"కట్టులో చీమల్ని పెట్టి మూసేశారే," అన్నాడు అక్కతో.

"తిమ్మిరెక్కితే చీమలు పాకినట్టే ఉంటుంది."

"పాకినట్టు కాదు, పాకుతున్నాయి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్యన. ఆ కంపౌండరు పనే. వాడి ప్యాంటు పొట్టిగా కుట్టాను, ఆ కసి."

నర్సు పాదం పట్టి చూసింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, నాడి ఆడుతోంది. విరిగిన ఎముక నొప్పేనని సూది వేసి వెళ్లింది. నొప్పి తగ్గకపోగా పెరిగింది. సూదిమందులో నీళ్లు కలిపారన్నాడు బావ. చీమల తగువు తీర్చమని, నవ్వుకుంటూ వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను.

ఆవిడ నవ్వలేదు. బావ బొటనవేలిని మెల్లగా కిందికి వంచింది. ఆయన పెట్టిన కేకకి వార్డు చివరి మంచం మీది చెవిటి ముసలాయన "ఎవరూ?" అన్నాడు.

కట్టు నిలువునా కోయించింది. బావ దూది కింద కూడా వెతికించాడు. ఒక్క చీమ లేదు. నొప్పి మాత్రం పోలేదు.

"కండరాలు సాగని సంచుల్లో ఉంటాయండీ," అంది ఆవిడ. "లోపల వాచి ఒత్తిడి పెరిగితే సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పెద్ద నాడి ఆడుతూనే ఉండి మనల్ని మభ్యపెడుతుంది. ముందు మొర పెట్టేది నరం. మీ చీమలు ఆ మొరే. కొన్ని గంటలు ఊరుకుంటే కండ చచ్చిపోతుంది, పాదం వేలాడిపోతుంది. ఆ సంచులు ఇప్పుడే కోయాలి."

పాదం వేలాడితే మిషను తొక్కేదెలా? బావ సరేనని తల ఊపాడు.

మర్నాడు గాయం చూసి నా చొక్కా పట్టుకున్నాడు. "చూశావా, కోసి కుట్టకుండా వదిలేసింది. నేనిలా చేస్తే గిరాకీలు ఊరుకుంటారా?"

"ఇప్పుడు కుడితే మళ్లీ బిగుస్తుంది," అంది డాక్టరమ్మ. "వాపు దిగాక కుడతాను."

వాపు దిగింది. కుట్టింది. దారం గట్టిదేనా అని బావ లాగి చూడబోతే చేతి మీద ఒకటి వేసి, "బొటనవేలు పైకెత్తండి," అంది.

అక్క నా భుజం పట్టుకుంది. వేలు కాసేపు మొండికేసి, మెల్లగా లేచింది. అక్క కళ్లు తుడుచుకుంది.

బావ వేలి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"నువ్వేమైనా కింద నుంచి ఎత్తావుట్రా?"