చేమముద్ద మీది మూత

ఉలులానీ చేతులు చూస్తే చాలు, చేమ మళ్ళలో బతికిన మనిషని ఆ లోయలో ఎవరైనా చెప్పేస్తారు. గోళ్ళ సందుల్లో బురద ఎంత కడిగినా పోదు, మణికట్ల నిండా దురద మచ్చలే. పొద్దంతా మడిలో వంగి, సాయంత్రం ఉడికిన దుంపల తొక్క తీసి, చెక్క పళ్ళెంలో రాతి రోకలితో మెత్తగా దంచుతుంది. మధ్యమధ్య నడుం పట్టుకుని ఆగుతుంది. దంచిన ముద్దను గిన్నెలోకి ఎత్తి మూత పెడుతుంది. ఆ మూత తీశాక ఇంట్లో ఎవరూ మాట తూలకూడదు. మనుషులకంటే ముందు పుట్టిన చేమ అందరికీ పెద్దన్నని ఆ లోయవాళ్ళ నమ్మకం, ఆయన ఎదుట పోట్లాట తప్పు. మొగుడు కేపా, మరిది మకానా కాలవ నీళ్ళ కోసం గొంతు పెంచినప్పుడల్లా ఉలులానీ ఏమీ అనకుండా మూత తీసేది. ఇద్దరూ తలొంచుకుని తినేవాళ్ళు.

ఆ రోజు నీళ్ళందక కింది మడిలో దుంపలు కుళ్ళాయి. వాటిని ఏరి గట్టున పోసి ఆమె ఇంటికొచ్చేసరికే అన్నదమ్ములు మొదలుపెట్టేశారు.

"కాలవకి గండి కొట్టింది నువ్వు కాదూ?" అన్నాడు కేపా.

"కలగన్నావేమో అన్నా. వదినా, మూత తియ్యి, ఆకలేస్తోంది," అన్నాడు మకానా.

ఉలులానీ గిన్నె ముందు కూలబడి మూత మీద చెయ్యి పెట్టింది. అలవాటు కొద్దీ ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆమె మూత తీయలేదు.

"మీ నోళ్ళు మూయించడానికి ఇన్నేళ్ళూ నా నోరూ మూసుకున్నా," అంది.

గిన్నెలోని పెద్దన్నకి వినపడకుండా మూత మీద తువ్వాలు కూడా కప్పి, "ఇప్పుడు నేను మాట్లాడతా," అంది.