పెట్టెలో లేని మాటలు

ఏ వస్తువైనా సరే, దానితో ముందు తాను కొన్నాళ్ళు కాపురం చేస్తే గాని దానం ఇవ్వని మనిషి మామయ్య. ఇచ్చేవి మామూలు వస్తువులు కావు. చేతులు ఆడనివాళ్ళకూ, చూపు లేనివాళ్ళకూ పనికొచ్చే కంప్యూటర్ సామాన్లు. ఒకరు వాడి అటకెక్కించినవి అడిగి తెచ్చి, దుమ్ము దులిపి, బాగుచేసి, అవసరమైన ఇంటికి చేరుస్తాడు. మధ్యలో ఈ కాపురం ఒకటి.

తల ఊపితే తెర మీద బాణం కదిలే పరికరం వచ్చినప్పుడు, చేతులు కట్టుకుని కూర్చుని పొద్దస్తమానం తల ఊపాడు. ఆ అలవాటు బజారు దాకా వెళ్ళింది. కూరగాయలాయన ఏ ధర చెప్పినా తలే ఊపాడు. ఇంటినిండా గుమ్మడికాయలు.

"ఈయన్ని ఒంటరిగా పంపకూడదే తల్లీ, ఈసారి ఏనుగును తోలుకొస్తాడు" అని మేనకోడలితో అంది అత్తయ్య.

ఇప్పుడు మాట్లాడే పెట్టె వచ్చింది. దాని నిండా బొమ్మల మీటలు. ఏది నొక్కితే ఆ మాట పలుకుతుంది. అది మేనకోడలి కూతురి కోసమే తెచ్చాడు. ఐదేళ్ళ పాపకు మాట రాలేదు. తన మనసులోది ఎవరికీ అర్థం కాక గిన్నెలు విసురుతోంది. భౌతికశాస్త్రం చదివిన తల్లికి బ్యాటరీ సంగతి అర్థమవుతుంది గాని, పాప అసలు దాన్ని ముట్టుకుంటుందో లేదో ఏ సూత్రమూ చెప్పదు. గోళ్ళు కొరుక్కుంటూ మామయ్య ఇంటికి వచ్చింది.

"మామయ్యా, పెట్టె ఇచ్చెయ్యి."

మామయ్య నోరు విప్పలేదు. మీట నొక్కాడు.

"నమస్కారం" అంది పెట్టె.

"ఇదీ వరస! అది వచ్చిన దగ్గర్నుంచీ నోటికి తాళం" అంది అత్తయ్య. "ఏమండీ, పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డారేం?"

"చాలా బాగుంది."

"ఏం బాగుంది? మతి ఉందా?"

"ధన్యవాదాలు."

అత్తయ్య గరిటె ఎత్తింది. మామయ్య కంగారుగా మీటలన్నీ వెతికాడు.

"నీళ్ళు కావాలి."

"నవ్వులాటా మామయ్యా? అక్కడ పిల్ల అల్లాడిపోతోంది!" అంది మేనకోడలు. మామయ్య ఆమె తల నిమిరి, గోడ మీది క్యాలెండర్లో ఆదివారం చూపించాడు.

చూపించినట్టే ఆదివారం పెట్టె తెచ్చి పాప ముందు పెట్టాడు. తల్లి అన్నం గిన్నెతో పక్కనే చేరింది.

"ఇదిగో, 'ఆకలి' నొక్కు బంగారూ" అంటూ చెంచా నోటి దాకా తెచ్చింది.

పాప మీటలన్నీ పరకాయించి చూసింది. వేలు ఆకలిని దాటి, అట్టడుగు వరసకు దిగింది.

"వద్దు!" అంది పెట్టె, ఓ చిన్నపిల్ల గొంతుతో గట్టిగా.

తల్లి బిత్తరపోయింది. "ఈ మీటెక్కడిది?"

"ఉన్నవన్నీ మర్యాదలేనమ్మా. మీ అత్తతో ఒక్క పోట్లాటా గెలవలేకపోయాను" అన్నాడు మామయ్య. "నాకే అంత ఉక్రోషమొస్తే పసిదానికి రాదూ? పక్కింటి పిల్లను కూర్చోబెట్టి, అది వాళ్ళమ్మతో ఏమేం అంటుందో అవన్నీ ఎక్కించాను."

పాప అప్పటికే పక్క మీట కనిపెట్టింది.

"నువ్వే తిను!"

తల్లి కదలలేదు. పాప ఆమె కళ్ళలోకి చూస్తూ మళ్ళీ నొక్కింది.

"నువ్వే తిను!"

ఏడవబోయిన తల్లికి నవ్వొచ్చింది. కూతురు చెప్పిన మాట కాదనలేక, చెంచా తన నోట్లో పెట్టుకుంది.