దక్షిణ కోట ప్రభువు నోరు విప్పలేదు

ఆ ఏడాది మెయిల్ వచ్చిన చప్పుడు వింటే చాలు, చేతిలో పని వదిలేసి ఫోన్ తీసేవాణ్ణి. ఈ దేశంలో స్థిరంగా ఉండనిమ్మని పెట్టుకున్న రెసిడెన్సీ ఫైలు ఇమిగ్రేషన్ ఆఫీసు లోపల ఉంది. అది తేలేవరకు నా వీసా ఈ ఉద్యోగానికే కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఆపైన హామిల్టన్ ఊళ్లో, రోటోటూనా పేటలో అద్దె ఇల్లు, మా అమ్మాయి బడి, అన్నీ మూటగట్టుకోవాలి.

ఫైలు వేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మనవాళ్లు ఎవరూ చెప్పరు. "చేతికొచ్చాక చెప్పుకుందామండీ. ముందే చెబితే దిష్టి తగులుద్ది" అని మా ఆవిడ నాతో ఒట్టు వేయించుకుంది. శనివారం భోజనాలకు కలిసే కుటుంబాల్లో సగం మంది ఫైళ్లు లోపలే ఉంటాయని అందరికీ తెలుసు. అయినా పీఆర్ సంగతేమిటని ఎవరైనా అడిగితే బిర్యానీ బాగుందంటాం.

మా టీమ్ లీడర్ గడ్డం పెంచిన ఒక కివీ, ఈ దేశంలో పుట్టి పెరిగినవాడు. బుధవారం లంచ్ అవర్‌లో మీటింగ్ రూమ్‌లో ఒక ఆట నడిపేవాడు. ఒక కల్పిత రాజ్యం, ఒక ముసలి రాజు, ఒక దర్బారు. మేం తలా ఒక పాత్ర తీసుకుని మాట్లాడాలి. సందేహం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేయాలి. నాకు ఆటల పిచ్చి లేదు. రానంటే టీమ్‌లో కలవడంటారేమోనని వెళ్లాను. అతను నా చేతికిచ్చిన కార్డు మీద ఇలా ఉంది: దక్షిణ కోట ప్రభువు. ఎవరినీ నమ్మడు. మనసులో మాట బయటపెట్టడు.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కార్డు చూడగానే ఫైలు సంగతి ఇతనికి తెలిసిపోయిందా అనుకున్నాను. అవి ఊరికే పంచిన కార్డులని సర్దిచెప్పుకోవడానికి ఒక వారం పట్టింది.

సేనాపతి పాత్ర మా అక్కది. అక్క అంటే నా పక్క సీటులో పనిచేసే హైదరాబాద్ ఆవిడ. ఆమె రెసిడెన్సీ ఎప్పుడో తేలిపోయింది. నన్ను తమ్మీ అని పిలిచేది. ఏ విషయమైనా మొహం మీదే చెప్పే మనిషి. ఆటలో రాజుగారిని కూడా కడిగిపారేసేది.

నేనూ బాగానే ఆడానని ఒప్పుకోవాలి. మిగతావాళ్లు గెలవడానికి ఆడేవాళ్లు. నేను దొరక్కుండా ఉండడానికి ఆడేవాణ్ణి, ఆ విద్యలో నాకు అప్పటికే మంచి అభ్యాసం ఉంది. ఒక బుధవారం ఎవరికీ తెలియకుండా టీమ్ లీడర్‌కు చీటీ రాసిచ్చి, నా గూఢచారి కోసం రాజుగారి కోట ఉత్తర ద్వారం తీయించాను. మరుసటి బుధవారం రాజముద్రిక మాయమైంది. ద్వారం తీసిందెవరని రాజు నిండు దర్బారులో అడిగాడు. ద్వారాల కాపలా సేనాపతిది కనుక అందరూ అక్క వైపు చూశారు. "మహారాజా, ఆ సమయంలో నేను పూజలో ఉన్నాను" అన్నాను. పాచిక కూడా నా పక్షానే పడింది. సేనాపతికి దేశబహిష్కారం వేశారు. అందరూ నవ్వారు, అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. "నువ్వు ఏ దర్బారులోనైనా బతికేస్తావు" అని టీమ్ లీడర్ మెచ్చుకున్నాడు. నాకు సంతోషమే వేసింది.

మే నెలలో అసలు మెయిల్ వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలో ఉద్యోగాలు సర్దుతున్నారు. అక్కవీ నావీ, రెండు ఉద్యోగాలు కలిపి ఒకటి చేయాలని టీమ్ లీడర్ రాసిన ప్రతిపాదన. నన్నే ఉంచాలనుకోవడానికి కారణం కూడా రాశారు: నెలవారీ రిపోర్టుల వ్యవస్థను కట్టింది నేనట. కట్టింది అక్క. పెద్ద మీటింగు రోజు ఆమె గొంతు పోతే, తెర ముందు నిలబడి చూపించింది మాత్రమే నేను. శుక్రవారంలోగా అభిప్రాయాలు పంపమని మెయిల్ చివర ఉంది.

మంగళవారం కిచెన్‌లో అక్క నా దగ్గరకు వచ్చింది. ఎవరో ఇంటి చెట్టువి, చిన్న జామకాయల్లా ఉండే ఫీజోవా పళ్లు సంచీడు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె వాటిలో మెత్తబడినవి ఏరుతూ అడిగింది.

"గా రిపోర్టుల పని నేను చేసిన అని నేనైతే రాసిన తమ్మీ. కానీ నా గురించి నేనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతరు? నువ్వొక్క లైన్ రాయి, చాలు."

"చూస్తానక్కా" అన్నాను.

మన దగ్గర చూస్తానంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆమె ఏరిన పళ్లు తీసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులు ఆ మెయిల్ తెరుస్తూ, మూస్తూ గడిపాను. ఆ ఒక్క వాక్యం రాస్తే ఉద్యోగం అక్కదవుతుంది, నేను ఇంటికి పోతాను. ఈ లెక్క కూడా నేనే వేసుకున్నాను, ఎవరినీ అడగలేదు. ఆ పైన ఇంకో భయం. నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అభిప్రాయాలు అడిగేది ఎవడు ఎదురు తిరుగుతాడో చూడ్డానికే అనుకున్నాను. మన దేశంలో ఆఫీసుల్లో నేను చూసింది అదే. శుక్రవారం మధ్యాహ్నం టైప్ చేశాను: ప్రతిపాదన బాగుంది, నాకు అభిప్రాయాలేమీ లేవు, ధన్యవాదాలు సర్. ఎవరూ ఎవరినీ సర్ అనని ఆఫీసులో.

ఉద్యోగం నాకు మిగిలింది. అక్క చివరి రోజున నా టేబుల్ మీద ఒక సీసా ఉంది, ఫీజోవా పచ్చడి. చీటీ ఏమీ లేదు.

ఆ తర్వాతి బుధవారం ఆట మొదలయ్యేముందు, ఖాళీ కుర్చీ పక్కకు జరుపుతూ టీమ్ లీడర్ అన్నాడు. "నేను రాసింది చిత్తుప్రతే కదా. తప్పులుంటే చెబుతారనే పంపాం. ఆ పని తనదని ఆమె రాసింది. నువ్వూ అదే అంటే ఇద్దరినీ ఉంచడానికి ఏదైనా దారి వెతుకుదామనుకున్నాను. నువ్వు ఏమీ లేదన్నావు." అతని గొంతులో కోపం లేదు. ఆ రోజు ఆటలో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో రెసిడెన్సీ వచ్చింది. మా ఆవిడ ఏడ్చింది, దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది, "ఇక అందరికీ చెప్పుకోవచ్చు" అంది. నేను ముందు అక్కకే ఫోన్ చేశాను. హామిల్టన్‌లో పని దొరక్క ఆమె దేశానికి దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో ఉద్యోగానికి వెళ్లింది. భర్త, అత్తగారు ఇక్కడే ఉన్నారు. అక్కడ ఒక చిన్న ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటూ, నెలకోసారి వచ్చి చూసి వెళుతోంది.

"అక్కా, మాకు రెసిడెన్సీ వచ్చింది. నేనప్పుడు..." అన్నాను.

"మంచిగైంది తమ్మీ" అంది. నిజంగానే సంతోషించింది, గొంతులో తెలిసింది. "నీ ఫైలు లోపల ఉందని నాకు తెలుసు."

"ఎలాగక్కా?"

"పీఆర్ మెడికల్ టెస్టుల కోసం మీరు ముగ్గురూ క్లినిక్‌కి వచ్చిన్రు గదా. మా అత్తమ్మను తీస్కొని నేనూ గాడనే ఉన్న. నన్ను జూసి మీ ఆవిడ మొహం తిప్పుకున్నది." చిన్నగా నవ్వింది. తర్వాత అంది. "అందుకే నిన్ను రెండోసారి అడగలే."

అక్కడ గాలి జోరుగా ఉన్నట్టుంది, ఫోన్‌లో వినిపిస్తోంది. ఇక నేను భయపడాల్సిందేమీ లేదు, ఎవరికైనా ఏదైనా చెప్పుకోవచ్చు.

"ఉన్నవా తమ్మీ?" అంది అక్క.