మా అత్తగారి మరచెంబు

“ఆ మరచెంబు ఎవరి చేతికీ ఇవ్వొద్దని మా అమ్మ పోతూ పోతూ చెప్పిందే!” అన్నారు మా ఆయన, నందిగామ బస్సు షెడ్డులో అందరూ వింటుండగా.

“పోయినావిడొచ్చి చెంబుకి కాపలా కాస్తుందేంటండి? దాహం దాహం అంది మీరేగా! మీ చుట్టం ఊరికే మజ్జిగ పోయించుకొస్తానంటే చేదా?”

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు. చదివింది మూడో తరగతే అయినా, దండెం మీద చీర ఊగితే కేకలు పెట్టే మనిషిని కాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవి అరవైల మొదటి ఏళ్ళు. మా జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ప్రయాణాల్లో ఆడవాళ్ళు చనిపోయి కనబడేవారు. ఒంటి మీద నగ ఉండేది కాదు. మా పక్కింటి రత్తమ్మ వేదాద్రి వెళ్ళి, సత్రం అరుగు మీద శవమై దొరికింది. ఎవడో విషం కలిపి ఇస్తున్నాడని, కొత్తవాళ్ళిచ్చింది తాగొద్దని పోలీసులు ఊరూరా టముకు వేయించారు.

మేం ఆ మాట జవదాటలేదు. మజ్జిగ తెస్తానన్న మనిషి కొత్తవాడు కాదు మరి! పక్కన కూర్చుని మా ఇంటిపేరు అడిగాడు. తన ఊరు చెవిటికల్లన్నాడు. మా ఆయన మేనత్త తోటికోడలి వైపు నుంచి వరస తీసి “బావగారూ” అన్నాడు. చుట్టరికం కలిశాక కొత్తవాడెలా అవుతాడు?

చెంబు నింపి, మూత బిగించి తెచ్చాడు. మా ఆయన తిప్పారు. రాలేదు. నేను తిప్పాను. రాలేదు. ఇంకొకరు గుక్కెడు తాగకుండా మా అత్తగారు అలాగే బిగించేవారు. ఆవిడ పోయిన ఏడాది నుంచీ నేను రెండు వేళ్ళతో తీస్తున్న మూత అది.

“ఇటివ్వండి అక్కయ్యగారూ, నే తీస్తా” అన్నాడు. తుండుగుడ్డ చుట్టి తిప్పాడు. మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాడు. చెమటలు కారిపోతున్నాయి.

“మన నోట్లో ఇంత మజ్జిగ పోయడానికి ఎంత అవస్థ పడుతున్నాడో చూడవే!” అని మా ఆయన మురిసిపోయారు.

“మీరా పక్క పట్టండి బావగారూ!”

ఇద్దరూ చెరోవైపు తిప్పారు. ఆ పెనుగులాటలో అతని పంచె వదులై, రొంటినున్న మూట జారి నా కాళ్ళ దగ్గర పడి విప్పుకుంది.

అందులో మెళ్ళో వేసుకునే బంగారు గుళ్ళపేరు ఉంది. ఒకసారి అది తెగితే, కంసాలి దగ్గరికి దేనికని, నా పాత చీర అంచులోంచి ఎర్రదారం లాగి రత్తమ్మకి నేనే ముడేసి ఇచ్చాను. ఆ ముడి నాది.

“ఏవండీ, వదలొద్దు!”

“చెంబునా?”

“మీ బావమరిదిని!”

వాడు పరుగెత్తబోయి, తన పంచె తనకే తట్టుకుని బోర్లా పడ్డాడు. షెడ్డులో జనమంతా వాడి మీద పడ్డారు. సాయంత్రానికి స్టేషన్లో రత్తమ్మతో కలిపి అన్ని చావులూ ఒప్పుకున్నాడు.

మూత మాత్రం రాలేదు. ముగ్గురు కానిస్టేబుళ్ళు పట్టకారేసి తిప్పారు. ఎండకి ఇత్తడి బిగిసిందన్నారు ఎస్సైగారు. అంతకుముందు రోహిణీకార్తె ఎండలో ఎందుకు బిగియలేదో ఆయనా చెప్పలేదు, నాకూ ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రికి మా ఆడపడుచు ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాం. బల్ల మీదున్న చెంబు మూతని రెండు వేళ్ళతో తిప్పాను. వచ్చేసింది. మజ్జిగ వాళ్ళు సీసాలోకి వంచుకున్నారు. చెంబు కూడా సాక్ష్యానికి ఉండాలన్నారు.

“ఎవరి చేతికీ ఇవ్వొద్దందండి మా అత్తగారు” అన్నాను.

ఎస్సైగారు చెంబుని నా వైపు జరిపారు. చింతపండేసి మూడుసార్లు తోమి ఇంటికి తెచ్చుకున్నాను.