యాభై ఆరు కిలోల అన్నయ్య

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక మనిషి గురించి అడగాలంటే ఏం చదివాడు, ఎక్కడ ఉద్యోగం అని అడిగేవారు కాదు. ఎంత ఎత్తుతాడు అని అడిగేవారు. విజయనగరం వైపు బరువులెత్తే ఊళ్ళు కొన్ని ఉన్నాయి, మాది కూడా అలాంటిదే. పొద్దున్నే కోడి కూత కంటే ముందు ఇనప చక్రాలు నేలకు తగిలిన చప్పుడు వినిపించేది. పొలం దున్నే ఇంట్లోనూ గోడకో పతకం వేలాడేది. అలాంటి ఊళ్ళో పుట్టి, పదమూడో ఏట కడ్డీ పట్టుకుని, దాన్ని మోకాలి దాకా తెచ్చి, అక్కడి నుంచి అది పైకి రానని మొండికేస్తే మర్యాదగా కింద పెట్టి ఇంటికి వచ్చేసినవాణ్ణి నేను. (కింద పెట్టాను అని నేనంటాను. పడేశాడు అని మా కోచ్ మాస్టారు అంటారు. ఆయన కాలి బొటనవేలు కూడా ఆయన పక్షమే.) నా తరవాత రెండేళ్ళకు పుట్టిన మా చెల్లి మాత్రం అదే కడ్డీని పన్నెండో ఏట తల మీదికి ఎత్తేసి, ఎత్తినది ఎత్తినట్టే ఉంచి "ఇంకెంతసేపు ఉండాల?" అని అడిగిందట. ఇంట్లో అందరూ దాన్ని చిన్నమ్మి అనేవారు. ఊళ్ళో నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవారు కాదు, "చిన్నమ్మి అన్న" అనేవారు.

ఇంటర్ తరవాత నాకు రాజాంలో ఒక కొత్త కాలేజీలో పని దొరికింది. నాలుగంతస్తుల భవనం, ముందువైపంతా అద్దాలే. రోడ్డు మీద ధాన్యం లారీలు రేపిన దుమ్మంతా వచ్చి ఆ అద్దాల మీదే విశ్రాంతి తీసుకునేది. దాన్ని కడగడం నా ఉద్యోగం. మెడలో వేసుకునే కార్డు మీద మా సూపర్‌వైజర్ "గ్లాస్ టెక్నీషియన్" అని రాయించాడు. ఇంట్లో నేను మొదటి మాట పూర్తిగా మింగేసి "టెక్నీషియన్" అని మాత్రం చెప్పాను. అదే కాలేజీలో చిన్నమ్మి ఆటల కోటాలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే వరకూ ఆ గౌరవం నిలిచింది. చేరిన రోజే మొదటి అంతస్తు మెట్ల దగ్గర బకెట్టుతో ఎదురుపడ్డాను. "టెక్నీషియన్ అన్నావు కదేటి?" అంది. "నీళ్ళకి సంబంధించిన టెక్నీషియన్ని" అన్నాను. అది నవ్వలేదు, ఇంట్లో చెప్పనూ లేదు. ఆ చెప్పకపోవడం నాకు ఇంకా గుచ్చుకుంది.

ఆ పని నేను ఎలా చేసేవాణ్ణో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కేసు పెట్టాలనిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ మెట్లు దిగడం బద్ధకమై బకెట్టు అంచు దాకా నింపేవాణ్ణి. దాన్ని ఎప్పుడూ కుడి చేత్తోనే మోసేవాణ్ణి, అందుకని రెండు నెలల్లో నేను ఎడమవైపుకు ఒరిగిన తాటిచెట్టులా తయారయ్యాను. నిచ్చెన ఎక్కాక దాన్ని జరపాలంటే మళ్ళీ దిగాలి కదా, అందుకని ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాలిలో పెట్టి, చేయి ఎంత సాగితే అంత సాగదీసి పక్క అద్దం కూడా తుడిచేసేవాణ్ణి. గుడ్డ పిండాలంటే మోకాళ్ళు నిటారుగా ఉంచి నడుం దగ్గర రెండుగా మడతపడేవాణ్ణి. సాయంత్రానికి నడుం "ఒరే, నేను కూడా ఉన్నాన్రా" అని చిన్నగా అనేది. వయసు పంతొమ్మిది. ఆ వయసులో ఎవరి మాట విన్నాం గనక నడుం మాట వినడానికి?

కాలేజీని చూడటానికి పైనుంచి ఒక కమిటీ వస్తోందని ఆ వారమంతా హడావుడి. ఇక రెండు రోజులుందనగా గుడ్డ పిండడానికి వంగాను. లోపల ఎక్కడో ఎండు పుల్ల విరిగినట్టయింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. గుడ్డలోంచి కారాల్సిన నీళ్ళు కళ్ళలోంచి కారాయి. గోడ పట్టుకుని కాసేపటికి సగం లేచాను. మిగతా సగం రాలేదు. ఆ భంగిమలోనే బస్సెక్కితే కండక్టర్ "ఏటి పడిపోనాది బాబూ? టికెట్టేటి?" అని నాతో పాటు సీట్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.

ఇంట్లో చెప్పకూడదని బస్సులోనే నిశ్చయించుకున్నాను. మా ఊళ్ళో నడుం పట్టేయడం తప్పు కాదు. నూటపాతిక కిలోలు ఎత్తబోయి పట్టేస్తే ఊరంతా వచ్చి పలకరించేది. కానీ నాకు పట్టేసింది గుడ్డ పిండబోతే! గుమ్మంలో అమ్మ చూసింది.

"ఏట్రా, అలా వంగున్నావు?"

"చెప్పు తెగినాదమ్మా, సూసుకుంతన్నాను."

"రెండు సెప్పులూ బాగానే ఉన్నాయి. తెగినాది నీ నడుమేనేటి?"

తల్లులతో ఇదే ఇబ్బంది. పది నిమిషాల్లో వావిలాకు కాగింది, ఆముదం వెచ్చబడింది, అంతటితో ఆగినా బాగుండేది గానీ ఎదురింటి మావకు కబురు వెళ్ళింది. ఈ మావను ఊరంతా ఎదురుకాళ్ళ మావ అనేది. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు వచ్చాడు కాబట్టి ఆయన తంతే నడుం నొప్పి పోతుందని నమ్మకం. (పుట్టడంలో ఆయన ప్రతిభ ఏముందని నేను అడిగేవాణ్ణి కాదు. ఆయన పాదం పదకొండో నంబరు.) మావ కాళ్ళు కడుక్కుని, తుండు బిగించి, నన్ను గడప మీద నిలబెట్టి, "అల్లుడూ, దేవుణ్ణి తలుసుకో" అన్నాడు. తలుచుకునే లోపే తన్నాడు. నేను గడప ఇవతలి నుంచి అవతలికి వెళ్ళి అమ్మ కుంపటి పక్కన తేలాను.

"పోనాదా?" అన్నాడు మావ.

"సగం పోనాది మావా."

"అయితే ఇంకోటి వేస్తాను, ఆ సగమూ పోతాది."

"పోనాది మావా! మొత్తం పోనాది! ఇప్పుడే పోనాది!" అని నిటారుగా నిలబడి చూపించాను. ఆ నిలబడటానికి నేను ఖర్చుపెట్టిన ప్రాణం మా ఊరి పతకాలన్నింటికీ సరిపోతుంది. చిన్నమ్మి గుమ్మానికి ఆనుకుని నన్ను తేరిపార చూసింది. "అన్నియ్యా, నిజంగా తగ్గినాదా?" అంది. "నీకెందుకే? నీ బరువులేవో నువ్వు సూసుకో" అన్నాను. దాని మొహం చిన్నబోవడం చూశాను. చూడనట్టు పడుకున్నాను.

నొప్పి పోయిందని చెప్పాక పనికి వెళ్ళక తప్పదు కదా. మర్నాడు నడుముకి తుండు బిగించుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. కమిటీ వచ్చే రోజు పొద్దున్నే సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు. "పోర్టికో పైనున్న అద్దాలే వాళ్ళకి మొదట కనపడేవి. పదింటికి కార్లొస్తాయి. అవి మెరవకపోతే నీకూ నాకూ రేపట్నుంచి ఇక్కడ పని ఉండదు" అన్నాడు. పాపం, ఆయన బెదిరించలేదు, సబ్బు తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిచ్చెన వేసుకుని పోర్టికో స్లాబు మీదికి ఎక్కాను. సబ్బునీళ్ళు రాసి ఎడమవైపు సగం బాగానే లాగాను. కుడివైపుకి బకెట్టు జరపాలి. పాదాలు కదపకుండా నడుం ఒక్కటే తిప్పి, నిండు బకెట్టు ఒంటిచేత్తో లేపాను.

ఈసారి పుల్ల కాదు, దుంగే విరిగింది. మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ స్లాబుకి ఆనించి, అద్దం వైపు తిరిగి ఉండిపోయాను. కింద నుంచి చూసినవాళ్ళకి కాలేజీకి మొక్కుకుంటున్నట్టు ఉందట. నిచ్చెన దిగడం మాట అటుంచి తల తిప్పడం కూడా నా వల్ల కాలేదు. "దిగరా బాబూ, తొమ్మిదీ నలభై అయ్యింది!" అని కింద సూపర్‌వైజర్. "రానేను సార్!" అని పైన నేను. క్లాసులకు వస్తున్న పిల్లలు గుంపుగా ఆగిపోయారు. ఆ గుంపులోంచి ఎవరో "చిన్నమ్మి అన్న కదూ?" అన్నారు. ఆ క్షణంలో స్లాబు పగిలి నన్ను మింగినా నాకు అభ్యంతరం లేకపోయింది.

కాసేపటికి నా ముందున్న కిటికీ లోపలి నుంచి తెరుచుకుంది. చిన్నమ్మి చున్నీ నడుముకి కట్టుకుని స్లాబు మీదికి దిగింది. నా పక్కన గొంతుక్కూర్చుంది. ఏదో ఒక మాట అంటుందని ఎదురుచూశాను. నేనే అనిపించుకోవాల్సినంత పని చేశాను కదా.

"కాళ్ళు తిమ్మిరెక్కినాయా? వేళ్ళు కదులుతన్నాయా?" అంది.

"కదులుతన్నాయి."

"అయితే భయం నేదు. ఊపిరి బిగబట్టకు అన్నియ్యా. మెల్లిగా వదుల్తా ఉండు. నిన్ను నాను ఎత్తుతాను."

"అందరూ సూస్తన్నారే."

"సూడనీ. నాను ఎత్తినప్పుడు ఎప్పుడూ అందరూ సూస్తారు."

మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, నన్ను తన ఒంటికి దగ్గరగా లాక్కుని, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా లేపింది. నిజం చెప్తున్నాను, లేచేటప్పుడు నాకు నొప్పి పెరగలేదు. అద్దం తుడిచేటప్పుడు నేను ఒక్కసారి కూడా అంత జాగ్రత్తగా ఏదీ ఎత్తలేదు. కిటికీ అవతల ఇద్దరు అమ్మాయిలు నన్ను అందుకున్నారు, అది దూకి మళ్ళీ తీసుకుంది. మెట్లు దిగుతుంటే అడిగాను, "బరువుగా ఉన్నానేటి?"

"యాభై ఆరుంటావు. నాకు ఒళ్ళు వెచ్చబడ్డానికి సరిపోతావు."

మేము కింద హాల్లోకి వచ్చేసరికి సరిగ్గా ఎదురుగా కమిటీ! పది నిమిషాలు ముందే వచ్చేశారు. ముగ్గురు పెద్దమనుషులు, పక్కన పూలగుత్తితో ప్రిన్సిపాల్ గారు. అందరూ ఆగిపోయారు. చెల్లెలి చేతుల్లో పడుకుని ఉన్న నాకు ఏం చేయాలో తోచక, చేతులు జోడించి నమస్కారం పెట్టాను. కళ్ళజోడు పెద్దాయన "ఏమిటండీ ఇది?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు మా చెల్లిని చూశారు, నన్ను చూశారు. పూలగుత్తి చేయి మార్చుకున్నారు. "మా క్రీడా విభాగం సార్. ప్రమాదంలో ఉన్నవాళ్ళని ఎలా కాపాడాలో ప్రదర్శన" అన్నారు. "ఆ అబ్బాయి బాధ నటిస్తున్నాడన్నమాట!" అని రెండో ఆయన దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశారు. "ఎంత సహజంగా ఉందండీ!" ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో అద్దాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పోర్టికో మీద సగం మెరుస్తూ, సగం సబ్బు ఎండి తెల్లగా సున్నం కొట్టినట్టున్న ఆ అద్దాన్ని కొత్తరకం డిజైను అనుకున్నారో ఏమో! సూపర్‌వైజర్ ఒక స్తంభం చాటున నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు నా వీపు మీద ముద్ర చూసి ఉలిక్కిపడ్డారు. "ఎవరు తన్నారు? పోలీసులకు చెప్పారా?" అన్నారు. "మావ తన్నాడు సార్. ఎదురుకాళ్ళతో పుట్టాడు" అన్నాను. "ఆయన ఎలా పుట్టినా సరే, మీ నడుం మీద కాలు పెట్టకూడదు" అని గట్టిగా చెప్పి, అదృష్టవశాత్తూ ఎముకకు ఏమీ కాలేదు, కండరం పట్టేసిందన్నారు. వారాల తరబడి మంచం ఎక్కొద్దు, ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండి మెల్లమెల్లగా నడవమన్నారు. వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నారు. కాళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే పరిగెత్తుకు రమ్మన్నారు. (పరిగెత్తగలిగితే రావడం ఎందుకని అడగబోయాను. చిన్నమ్మి చూపు చూసి ఊరుకున్నాను.)

ఆ తరవాత మా వాకిట్లో నాకు శిక్షణ మొదలైంది. ఖాళీ బకెట్టుతో. ఊరి పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని చూసేవారు. "బకెట్టు నీకాడికి రాదు అన్నియ్యా, నువ్వే దానికాడికెల్లాల. దగ్గరగా నిలబడు. మోకాళ్ళు వంచు. తిరగాలంటే నడుం కాదు, పాదాలు తిప్పు" అనేది మా చెల్లి. ఒక నిండు బకెట్టు బదులు రెండు చేతులకీ రెండు సగం బకెట్లు. చేయి సాగకపోతే నిచ్చెన దిగి జరపడం. పొడుగు కర్రతో తుడిచేటప్పుడు ఒక అడుగు వెనక్కేసి, చేతులు మార్చుకోవడం. అరగంటకోసారి వీపు వెనక్కి వంచి ఆకాశం చూడటం. మొదటి రోజు ఖాళీ బకెట్టు సరిగ్గా ఎత్తగానే అరుగు మీది పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో నాకు పడ్డ మొదటి చప్పట్లు అవే.

ఒకరోజు బకెట్టు దింపుతూ అడిగాను, "ఆ రోజు తిట్టేను కదా, నీకు కోపం రానేదేటి?"

"వచ్చినాది. అందుకే గదా నిన్ను మెట్ల మీద అంత నెమ్మదిగా దించినాను. నలుగురూ బాగా సూడాలని" అంది. అని నవ్వేసింది. ఎదురుకాళ్ళ మావ మాత్రం నేను నిటారుగా నడవడం చూసి, "సూసినావా, నా తన్ను కాస్త నిదానంగా పనిసేస్తాది" అని ఊరంతా చెప్పుకున్నాడు. డాక్టరు గారి మాట నేను ఆయనకు చెప్పలేదు. పెద్దాయన, కాళ్ళు తప్ప వేరే ఆస్తి లేనివాడు.

చిన్నమ్మికి తరవాత రైల్వేలో ఉద్యోగం వచ్చి ఊరు దాటి వెళ్ళింది. నేను అద్దాలు వదలలేదు. ఇప్పుడు విజయనగరంలో ఒక పెద్ద ఆసుపత్రి అద్దాలు నా చేతి మీదే మెరుస్తున్నాయి. నడుం బాగుంది. దాన్ని కాపాడటానికి ఇన్నాళ్ళూ వంచిన మోకాళ్ళు మాత్రం ఈమధ్య కొంచెం సణుగుతున్నాయి. మొన్న పొద్దున్న మూడో అంతస్తు వరండాలో ఒక అద్దం తుడుస్తున్నాను. సబ్బు అంతా లాగేశాక కూడా నా చెవి ఎత్తులో ఒక సన్నటి తెల్లగీత మిగిలిపోయింది. పొడిగుడ్డతో తుడిచాను, పోలేదు. ఊది, మళ్ళీ తుడిచాను, అయినా పోలేదు. ఇదేం మరకరా బాబూ అని తల పక్కకు వంచి చూస్తే, అది కూడా నా జుట్టుతో పాటు పక్కకు వంగింది.