అమ్మ కడియం కరిగించి పోసిన కడియం

మా చిన్నతనంలో కోతలయ్యాక ఇత్తడి తాత కొండెక్కి వచ్చేవాడు... ఒడిశా వైపు నుంచి, భుజాన కావిడితో. మాది హుకుంపేట పైన ఊరు. జీపు దిగాక ఇంకా బోలెడు దూరం నడవాలి. ఆయన చింతచెట్టు కింద కొలిమి పెట్టాడంటే పిల్లలందరం అక్కడే ఉండేవాళ్ళం.

ఆ ఏడు నా వంతు వచ్చింది. మా ఊళ్ళో ఆడపిల్లకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసులో చేతికి కడియం పోయించేవారు.

తాత మట్టి కడ్డీ చుట్టూ తేనెమైనాన్ని దారాలుగా తీసి చుట్టాడు. రెండు పేటలు పెనవేసుకుని తిరుగుతాయి... మొదలెక్కడో చివరెక్కడో తడిమినా దొరకదు. దాని మీద మట్టి మెత్తి నిప్పుల్లో పెడితే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తాడు. మైనం మెత్తగా ఉన్నప్పుడే, పెట్టుకోబోయే పిల్ల దాని మీద బొటనవేలు నొక్కాలి.

నేను నొక్కాను. తాత నవ్వలేదు.

"సూసుకో గుంటా... మైనం మీద ఏటి పడితే ఇత్తడి మీద అదే వత్తాది. మనం సేసిందీ అంతే. మరి సెరగదు."

నేను వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

ఆ కడియానికి ఇత్తడి సంతలో కొనకూడదు. ఇంట్లో ఒకరి చేతి కడియం కరిగించాలి. మామూలుగా మామ్మలు ఇస్తారు. మా మామ్మ అప్పటికే పోయింది, కడియంతోనే మట్టిలో పెట్టారు. అందుకని అమ్మ తన చేతిది తీసి ఇచ్చింది.

"ఆలోసించుకో అమ్మీ," అన్నాడు తాత. "పిల్ల మంచి సేత్తే ఆ మంచి నీకొత్తాది. సెడ్డ సేత్తే అదీ నీకే తగుల్తాది."

"నా గుంట మంచిదే. పోసెయ్ బాబూ," అంది అమ్మ.

ఆవిడ సులువుగా అనేసింది... ఆ మంచితనం మోయాల్సింది నేను కదా!

వానలు పడ్డాక అమ్మకి చలిజ్వరం వచ్చింది. కంబళి మీద కంబళి కప్పినా మంచం వణికేది. అంబలి గుక్కెడు కూడా దిగేది కాదు. పసర్లు అయ్యాయి, మొక్కులు అయ్యాయి, కింద నుంచి పాస్టరుగారు వచ్చి ప్రార్థన కూడా చేసి వెళ్ళారు. జ్వరం మాత్రం కదల్లేదు.

చూడటానికి వచ్చిన పిన్ని అమ్మ వైపు చూడలేదు. నా చేతి వైపు చూసింది.

"ఏటి సేసావే గుంటా?"

ఆ ఒక్క మాటకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చేశాను? చీమల పుట్ట తొక్కానా... కుంటి ముసలమ్మ నడకని వెక్కిరించానా... ఏదో చేసే ఉంటాను. ఏదని తెలిస్తే కదా దిద్దుకోవడానికి!

కడియం తీసి అమ్మకి తొడిగేస్తే సరిపోతుందనుకున్నాను. పశువుల శాల వెనక కూర్చుని వలిసె నూనె పూసి లాగాను. కడియం రాలేదు, తోలు లేచింది. మంట కన్నా అది రాకపోవడానికే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు తెల్లారాక నాన్న, మావయ్య కలిసి కర్రకి దుప్పటి కట్టి డోలీలో అమ్మని కింద ఆసుపత్రికి మోసుకెళ్ళారు. నేను ఏడుస్తూ వాగు దాకా పరిగెత్తాను.

"అమ్మా, రాయి పెట్టి కొట్టైనా తీసేత్తాను... నీది నీకిచ్చేత్తాను."

అమ్మ కళ్ళు తెరిచి, తోలు లేచిన నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు. మంచిగుండు గుంటా... నాకదే మందు."

వాగు దాటి వాళ్ళు మలుపు తిరిగిపోయారు.

ఆ తర్వాత నేనెలా బతికానో నాకే తెలుసు. చీమలు కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. బళ్ళో ఎవరు అల్లరి చేశారని మాస్టారు అడిగితే, చెయ్యకపోయినా లేచి నిలబడేదాన్ని. పిన్ని కొడుకు జడ పట్టి లాగినా తిరిగి ఒక్కటి వెయ్యలేదు. వాడికి అవి పండగ రోజులు.

మా ఊళ్ళో అప్పటికి ఫోను లేదు. రోడ్డు నుంచి ఎవరైనా పైకి వస్తున్నారంటే ఎదురెళ్ళేదాన్ని కాదు... గాదె చాటున దాక్కునేదాన్ని. వాళ్ళు ఏం కబురు తెస్తున్నారో అని.

చివరికి ఒక మధ్యాహ్నం అమ్మే వచ్చింది. నాన్న భుజం పట్టుకుని, సగం జుట్టు ఊడిపోయి. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎవుర్నీ కొట్టనేదా?"

"నేదు."

"అబద్దాలాడనేదా?"

"నేదు."

"అందుకే బతికాను మరి," అని నవ్వింది.

ఆవిడ వేళాకోళానికే అంది. నాకు అది వేళాకోళమని తెలియడానికి పెళ్ళీడు రావాల్సి వచ్చింది. ఇప్పుడు నేను చేసేది ఊరూరా తిరిగి మలేరియాకి రక్తపు చుక్క తీసే ఉద్యోగమే. అమ్మని పడగొట్టింది దోమ అని నాకంటే బాగా ఎవరికి తెలుసు! అయినా ఆ భయం నాలోంచి పోలేదు... ఎవర్నైనా కసరబోయి ఆగిపోయేదాన్ని, అమ్మకేమైనా అవుతుందని.

ఇప్పుడు అరకులో టూరిస్టుల షాపుల నిండా ఇలాంటి కడియాలే. కర్మ కడియం అట... పక్కన అట్టముక్క మీద అర్థం కూడా అచ్చేసి ఉంటుంది. మా అమ్మాయి సరదాపడి ఒకటి కొనుక్కుంది. ఎక్కడో తీసిపెట్టి మరిచిపోయింది. అది ఎవరి చేతి ఇత్తడీ కాదు, మా పిల్లకి భయమెందుకు!

మీరు చిన్నప్పుడు ఎవరికేమవుతుందోనని భయపడి బుద్ధిగా ఉండేవాళ్ళు? రాయండి, వినాలనుంది.

అమ్మ పోయి కొన్నేళ్ళయింది. మొన్న ఎవరితోనో ఒక చిన్న అబద్ధం ఆడాను. అలవాటుగా గుండె ఝల్లుమంది... ఇంక అమ్మకేమీ కాదని ఆ తర్వాత గుర్తొచ్చింది.